బండి పని నేర్చుకోవడానికి ఎంతవుతుంది, నేర్చుకుంటే ఎంతొస్తుంది?
వరంగల్ యువకులు, తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్నలు

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే చాలు, ఇంట్లో ఈ చర్చ మొదలవుతుంది. పిల్లవాడికి చదువు మీద కంటే బండ్ల మీద మనసుంటుంది. ఐటీఐలో వేయాలా, ప్రైవేటు సెంటర్లో డబ్బు కట్టాలా, తెలిసినవాళ్ల షెడ్డులో పెట్టాలా అని తల్లిదండ్రులు తలలు పట్టుకుంటారు. తొందరలో అప్పు చేసి ఫీజు కట్టేసి, ఆ తర్వాత రూల్సు అడుగుతారు. అడగాల్సింది కట్టకముందు.

కరపత్రంలో ఫీజు ఎంతో రాశారు. అంతే ఖర్చు అనుకోవచ్చా?

అనుకోకూడదు. శిక్షణ జరిగినన్ని నెలలు పిల్లవాడు సంపాదించలేకపోయిన డబ్బు కూడా ఖర్చే. బస్సు పాసు, మధ్యాహ్నం తిండి, నర్సంపేట నుంచో మహబూబాబాద్ నుంచో వచ్చినవాడైతే రూము కిరాయి, అన్నీ అందులోకే వస్తాయి.

లెక్క తెలియడానికి కొన్ని అంకెలు వేసుకుందాం. ఇవి ఉదాహరణకు మాత్రమే, మీ అంకెలు మీరు వేసుకోండి. ఆరు నెలల కోర్సుకు ఫీజు 60,000 రూపాయలు అనుకుందాం. ఆ ఆరు నెలలూ ఏదో షెడ్డులో హెల్పర్‌గా ఉంటే నెలకు 6,000 చొప్పున 36,000 వచ్చేవి. రెండూ కలిపితే 96,000. కోర్సు చేసినందుకు, చేయనివాడి కంటే నెలకు 3,000 ఎక్కువ వస్తే ఆ డబ్బు తిరిగి రావడానికి 32 నెలలు పడుతుంది. 1,000 మాత్రమే ఎక్కువ వస్తే ఎనిమిదేళ్లు. ఫీజు కోసం 12 శాతం వడ్డీకి రెండేళ్ల అప్పు తెస్తే నెలకు సుమారు 2,824 కిస్తీ కట్టాలి. అంటే నెలకు 3,000 ఎక్కువ వచ్చినా రెండేళ్లపాటు అది అప్పుకే సరిపోతుంది.

అందుకని సెంటరు వాళ్లను జీతం ఎంత వస్తుందని అడిగి ఊరుకోవద్దు. కోర్సు చేసినవాడికీ, చేయకుండా నేరుగా పనిలో చేరినవాడికీ మొదటి ఏడాది తేడా ఎంతో చెప్పమనండి. పోయినేడు కోర్సు పూర్తి చేసినవాళ్లు ముగ్గురితో మాట్లాడించమనండి. మాట్లాడించలేకపోతే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

డబ్బు పెద్దగా కట్టకుండా నేర్చుకునే దారులు వరంగల్‌లో ఉన్నాయా?

ఉన్నాయి. ముందు వాటినే చూడాలి.

మొదటిది ప్రభుత్వ ఐటీఐ. వరంగల్‌లో ములుగు రోడ్డులో ఉంది. ప్రభుత్వ సీటుకు ఫీజు నామమాత్రం. అర్హత ఉన్న ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులు ఈపాస్ ద్వారా పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీ సేవలో ముందే తీసి పెట్టుకోండి. వాటి కోసం తిరుగుతూ గడువు దాటించుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

రెండోది చాలామందికి తెలియదు. ఆర్టీసీకి హకీంపేటలోనూ వరంగల్‌లోనూ సొంత ఐటీఐలున్నాయి. మోటార్ మెకానిక్, డీజిల్ మెకానిక్, వెల్డర్, పెయింటర్ ట్రేడుల్లో చేర్చుకుంటూ వచ్చింది. కోర్సు పూర్తిచేసినవారికి దగ్గరి డిపోల్లో అప్రెంటిస్ సౌకర్యం ఉంటుందనీ ప్రకటించింది. పల్లెకు వెళ్లే బస్సు కింద పడుకుని పని నేర్చుకోవడానికి అంతకంటే మంచి చోటు ఏముంటుంది? ఫీజు, సీట్లు, ఆఖరు తేదీ ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి.

మూడోది హసన్‌పర్తిలోని ఎస్‌బీఐ గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ. జనం ఆర్‌సెటీ అంటారు. పల్లెల నుంచి వచ్చే, 18 నిండిన నిరుద్యోగుల కోసం బ్యాంకు నడిపే సంస్థ ఇది. ఆర్‌సెటీల్లో టూ వీలర్ మెకానిక్ కోర్సు 30 రోజులు. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. నెల రోజుల్లో పూర్తి మెకానిక్ అవడు, ఆ మాట వాళ్లూ అనరు. కానీ ఈ పని తనకు సరిపడుతుందో లేదో తేల్చుకోవడానికి రూపాయి ఖర్చు లేని అవకాశం. ఇంత అప్పు చేసే ముందు ఆ నెల పరీక్ష పెట్టుకోవడం మంచిది.

ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద నడిచే బ్యాచ్‌లకు కూడా అభ్యర్థి ఫీజు కట్టనక్కర్లేదు. ఆ పథకం పేరు బోర్డు మీద పెట్టుకుని మీ దగ్గర డబ్బు అడిగితే, దేనికి అడుగుతున్నారో కాగితం మీద రాసిమ్మనండి.

ఐటీఐలో ఏ ట్రేడు తీసుకోవాలి? రెండేళ్లు పోతాయి కదా?

డీజిల్ మెకానిక్ ఏడాది, ట్రాక్టర్ మెకానిక్ ఏడాది, మెకానిక్ మోటార్ వెహికిల్ రెండేళ్లు. 2022లో సవరించిన పాఠ్యక్రమం ప్రకారం ఏడాదికి 1,200 గంటల శిక్షణలో 840 గంటలు ప్రాక్టికల్. దీనికి తోడు ఏదైనా సంస్థలో 150 గంటలు పని మీద ఉండి నేర్చుకోవాలి. 840 అన్న అంకె గుర్తుపెట్టుకోండి, ప్రైవేటు సెంటర్ల విషయం వచ్చినప్పుడు పనికొస్తుంది. పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు ఉండాలి. సీటు సంపాదించి, వారానికి రెండు రోజులు మొహం చూపించి వద్దామనుకునేవాళ్లు దీన్ని మరిచిపోతారు.

రెండేళ్లు హెల్పర్ జీతం వదులుకోవడం పేద ఇంటికి చిన్న సంగతి కాదు. నెలకు 6,000 లెక్కనే వేసినా 1,44,000. అయితే ఆ కాగితానికి తెరుచుకునే తలుపులు వేరు. కాజీపేట రైల్వే జంక్షన్ మన పక్కనే ఉంది. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి పదో తరగతితోపాటు ఐటీఐ అడుగుతారు. ఆ ట్రేడుల జాబితాలో మోటార్ మెకానిక్, డీజిల్ మెకానిక్, ట్రాక్టర్ మెకానిక్ మూడూ ఉన్నాయి. మొదటి మూల వేతనం 19,900, భత్యాలు అదనం. భూపాలపల్లిలో గనులున్న సింగరేణి కూడా ఐటీఐ పాసైనవాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో సంవత్సరంలో చేరవచ్చు. షెడ్డులో పదేళ్లు చేసినా కాగితం లేకపోతే ఈ తలుపులేవీ తెరుచుకోవు.

ఊళ్లో సొంత షెడ్డే పెట్టుకోవాలని గట్టిగా అనుకున్నవాడికి మాత్రం ఏడాది ట్రేడు చాలునని నా అభిప్రాయం. రెండో ఏడాది మంచి షెడ్డులో గడిపితే చేయి తిరుగుతుంది.

అప్రెంటిస్‌గా చేరితే డబ్బు ఇవ్వాలా, మనకే ఇస్తారా?

మీకే ఇవ్వాలి. అది చట్టం. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద 2019లో సవరించిన నియమాల ప్రకారం నెలకు కనీస స్టైపెండ్ పదో తరగతి పాసైనవాడికి 6,000 రూపాయలు, ఐటీఐ సర్టిఫికెట్ ఉన్నవాడికి 7,000, డిప్లొమా ఉన్నవాడికి 8,000. శిక్షణ రెండో ఏడాదికి వెళితే 10 శాతం పెరగాలి. ఐటీఐ చేసినవాడికి ఏడాదిలో 84,000 వస్తాయన్నమాట. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ మొత్తాలను 36 శాతం పెంచమని సిఫారసు చేసింది. కాబట్టి ఒప్పందం మీద సంతకం పెట్టే రోజున అమల్లో ఉన్న రేటు ఎంతో జాతీయ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో చూసుకోండి. స్టైపెండ్‌లో 25 శాతం, నెలకు 1,500 మించకుండా, కేంద్రమే భరించే పథకం ఉంది. "మాకు భారమవుతుంది" అనే యజమానికి ఈ సంగతి చెప్పండి.

ఎవరు తీసుకోవాలి అన్నదానికీ రూలుంది. 30 మంది, అంతకంటే ఎక్కువ సిబ్బంది ఉన్న సంస్థ తన బలగంలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తప్పనిసరిగా తీసుకోవాలి. కాంట్రాక్టు సిబ్బందిని కూడా ఆ లెక్కలో కలపాలి. నలుగురి నుంచి 29 మంది వరకు ఉంటే వాళ్ల ఇష్టం. హన్మకొండలో ఒక కార్ల షోరూం, సర్వీస్ సెంటర్ కలిపి 40 మంది ఉన్నారనుకోండి, కనీసం ఒక్కరినైనా తీసుకోవాల్సిందే. మీ బయోడేటా పట్టుకుని వెళ్లినప్పుడు, ఉద్యోగం ఉందా అని కాకుండా అప్రెంటిస్ ఖాళీ ఉందా, పోర్టల్‌లో పెట్టారా అని అడగండి.

చేరాక తెలిసి ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, నమోదు కావాలి. మైనర్ అయితే తల్లో తండ్రో సంతకం పెట్టాలి. నమోదు కాని అప్రెంటిస్, చట్టం దృష్టిలో అప్రెంటిస్ కాడు. స్టైపెండ్ నెలకింత అని ఇవ్వాలి తప్ప, బండికింత అని పీసు లెక్కన ఇవ్వకూడదు. అప్రెంటిస్‌షిప్ సలహాదారు అనుమతి లేకుండా ఓవర్‌టైం చేయించకూడదు. శిక్షణలో, ఆ పని వల్ల దెబ్బ తగిలితే నష్టపరిహారం బాధ్యత యజమానిదే. లిఫ్టు మీది కారు కింద నిలబడి పనిచేసేచోట ఇది చిన్న హక్కు కాదు.

రెండో వైపు కూడా చెప్పాలి. అప్రెంటిస్‌ను చట్టం శిక్షణార్థిగానే చూస్తుంది, కార్మికుడిగా కాదు. పీఎఫ్, ఈఎస్ఐ వర్తించవు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమం లేదు. మీరు ఒప్పందం ఉల్లంఘించి మధ్యలో వదిలేస్తే, సలహాదారు నిర్ణయించిన శిక్షణ ఖర్చు తిరిగి కట్టాల్సి రావచ్చు. యజమాని ఉల్లంఘిస్తే అతనే మీకు పరిహారం చెల్లించాలి.

రైల్వేలో చేసే అప్రెంటిస్‌షిప్‌కు ఇంకో విలువ ఉంది. శిక్షణ పూర్తి చేసి జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ పొందినవారికి రైల్వే లెవెల్ 1 నియామకాల్లో 20 శాతం కోటా ఉంది. 2024 డిసెంబరులో దక్షిణ మధ్య రైల్వే 4,232 అప్రెంటిస్ ఖాళీలు ప్రకటించింది. వాటిలో డీజిల్ మెకానిక్ ట్రేడు కూడా ఉంది.

ఆటోనగర్‌లో తెలిసినవాళ్ల షెడ్డు ఉంది. అక్కడే పెట్టొచ్చా?

పెట్టొచ్చు. వరంగల్‌లో మంచి మెకానిక్‌లలో చాలామంది అలా తయారైనవాళ్లే, ఆ దారిని తక్కువ చేయలేం. మొదటి నెలల్లో పిల్లవాడు విప్పిన సామాన్లు కిరోసిన్‌లో కడుగుతాడు, అడిగిన పానా అందిస్తాడు. "పది పదకొండు" అంటే ఏది, "పన్నెండు పదమూడు" అంటే ఏది అన్నది చూపు పడగానే చేతికి రావాలి. ఆ తర్వాత పంక్చర్లు, ఆయిల్ మార్చడం, చైన్ సెట్టు, క్లచ్ ప్లేట్లు. ఇంజిన్ దించి బోర్ పని చూడనిచ్చేసరికి ఎంతకాలమవుతుందో పూర్తిగా మేస్త్రి మనసు మీద ఉంటుంది. అదే ఈ దారిలో ఉన్న అసలు ఖర్చు. కొందరు మేస్త్రులు ఏడాదిలో అంతా చేతిలో పెడతారు, కొందరు మూడేళ్లయినా చాయ్‌లు తెప్పిస్తూనే ఉంటారు.

ముగ్గురు పనిచేసే షెడ్డు అప్రెంటిస్ చట్టం కిందికి రాదు. అందుకని మాట మీద చేరేటప్పుడే మూడు సంగతులు తేల్చుకోండి: నెలకు ఎంత, ఏ నెల నుంచి పెరుగుతుంది, ఏ పని ఎప్పటికి నేర్పుతారు. పెద్దమనిషి ఒకరి ఎదుట మాట్లాడితే ఇంకా మంచిది. "నేర్చుకుంటున్నాడు కదా, జీతమెందుకు" అనేవాళ్లుంటారు. నమోదైన అప్రెంటిస్ కానివాడితో పని చేయించుకుంటే అది పనే. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, కనీస వేతనాన్ని అన్ని రకాల పనులకూ వర్తింపజేసింది. ఇవ్వకపోతే కార్మిక శాఖ అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. తెలిసినవాళ్ల మీద ఫిర్యాదు చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే ముందే మాట్లాడుకోమనడం.

మావాడికి పదమూడేళ్లు. సెలవుల్లో షెడ్డుకు పంపొచ్చా?

వద్దు. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతోంది. పెట్టుకున్న యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు జైలు, 20,000 నుంచి 50,000 వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సొంత కుటుంబ వ్యాపారంలో, బడి అయిపోయాకో సెలవుల్లోనో, ప్రమాదం లేని పనిలో సాయం చేయనిస్తారు కానీ, బండ్ల వర్క్‌షాపులకు ఆ మినహాయింపు లేదు. వెల్డింగ్ దగ్గరికి అసలు రానివ్వకండి.

ప్రైవేటు సెంటర్లో చేరాలనే అనుకుంటున్నాం. ఏం చూడాలి?

మంచి ప్రైవేటు సెంటర్లూ ఉన్నాయి. అన్నింటినీ ఒకే గాటన కట్టను. కానీ డబ్బు కట్టేది మీరు కాబట్టి చూడాల్సింది మీరే.

ఐటీఐ అని చెబితే, అనుబంధం ఆ సంస్థకు ఉంటే సరిపోదు, మీరు చేరే ట్రేడుకు ఉండాలి. ఫిట్టర్‌కు అనుమతి ఉన్నంత మాత్రాన మోటార్ మెకానిక్‌కు ఉన్నట్టు కాదు. స్కిల్ ఇండియా డిజిటల్ హబ్‌లో సంస్థ పేరు, ట్రేడు రెండూ వెతకండి. ఐటీఐ కాదు, షార్ట్ టర్మ్ కోర్సు అంటే, సర్టిఫికెట్ మీద ఎవరి పేరుంటుందో నమూనా చూపించమనండి. సెంటరు తన పేరుతో తానే ప్రింటు వేసుకున్న కాగితానికీ, ఆటోమోటివ్ స్కిల్స్ డెవలప్‌మెంట్ కౌన్సిల్ వంటి గుర్తింపు ఉన్న సంస్థ పరీక్ష పెట్టి ఇచ్చిన దానికీ చాలా తేడా.

తర్వాత వర్క్‌షాపులోకి నడవండి. ఆఫీసు గదిలో ఏసీ చూసి రావద్దు. ఎన్ని ఇంజిన్లున్నాయి, అందులో స్టార్ట్ అయ్యేవి ఎన్ని, ఒక్కో ఇంజిన్ చుట్టూ ఎంతమంది నిలబడుతున్నారు? బీఎస్6 కాలుష్య ప్రమాణాల బండి ఉందా, స్కానర్ ఉందా? ఆరు నెలల్లో ప్రాక్టికల్ గంటలెన్నో రాసిమ్మనండి. ఐటీఐలో ఏడాదికి 840 కాబట్టి ఆరు నెలలకు 420 ఉంటుంది. వాళ్లు చెప్పిన అంకెను దాని పక్కన పెట్టి చూడండి.

ఫీజు ఒకేసారి కట్టొద్దు. ప్రతి కిస్తీకి సంస్థ పేరు, తేదీ ఉన్న రశీదు తీసుకోండి. మానేస్తే ఎంత తిరిగి ఇస్తారో ముందే రాయించుకోండి. పదో తరగతి మెమో, టీసీ ఒరిజినళ్లు చూపించి వెనక్కి తెచ్చుకోండి, జిరాక్సులే ఇవ్వండి.

మోసపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా?

ఇక్కడ కొంచెం చిక్కుంది. విద్యాసంస్థలు, వృత్తి విద్యా సంస్థలతో కలిపి, వినియోగదారుల చట్టం కిందికి రావని జాతీయ కమిషన్ విస్తృత ధర్మాసనం 2020 జనవరిలో తీర్పు చెప్పింది. కోచింగ్ సెంటర్లకు మాత్రం ఆ మినహాయింపు లేదంది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కాబట్టి అనుబంధం ఉన్న ఐటీఐ మీద ఫిర్యాదు కమిషన్‌లో నిలబడటం కష్టం. దానికి జిల్లా ఉపాధి, శిక్షణ శాఖ అధికారులను ఆశ్రయించాలి. ఏ గుర్తింపూ లేకుండా డబ్బు తీసుకుని క్లాసులు చెప్పే దుకాణం "మాదీ విద్యాసంస్థే" అని తప్పించుకోవాలని చూస్తే, ఆ వాదనను ప్రశ్నించవచ్చు. 1915కు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సలహా ఇస్తుంది. "నూరు శాతం ఉద్యోగం" అన్న ప్రకటన కాగితం, వాట్సాప్ సందేశాలు దాచుకోండి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల వరకు జరిమానా వేయగలదు.

ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయి. ఇప్పుడు ఇంజిన్ పని నేర్చుకుంటే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది. ఇప్పుడు రోడ్డు మీదున్న పెట్రోలు, డీజిల్ బండ్లు పోవడానికి ఏళ్లు పడుతుంది. కానీ వైరింగ్, సెన్సర్లు రానివాడికి మాత్రం కష్టకాలం ఇప్పటికే మొదలైంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బైకుల్లో చాలావాటికి కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చెవి పెట్టి విని రోగం చెప్పే మేస్త్రికి కూడా స్కానర్ కావాల్సి వస్తోంది. తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలిసి 65 ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తూ పెట్టిన కోర్సుల్లో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికిల్ ఒకటి. మీరు చేరే ఐటీఐలో అది ఉందో లేదో అడగండి. డీజిల్ ట్రేడులో చేరినా సరే, మల్టీమీటర్ పట్టడం వచ్చేదాకా బయటికి రావద్దు.

అమ్మాయిలను చేర్చుకుంటారా?

తప్పకుండా. ఐటీఐ సీట్లలో 30 శాతం మహిళలకు కేటాయించారు. సీటు రావడం కష్టం కాదు, ఇంట్లో ఒప్పించడమే కష్టం. సర్వీస్ సెంటర్లలో పని షెడ్డుతో పోలిస్తే నియమిత వేళల్లో జరుగుతుంది. ఆ వాదన పెద్దవాళ్ల దగ్గర పనిచేస్తుంది.

పదిహేనేళ్లుగా పని చేస్తున్నాను, సర్టిఫికెట్ లేదు. మళ్లీ చదవాలా?

అక్కర్లేదు. వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది, ఆర్‌పీఎల్ అంటారు. కొద్ది రోజుల పరిచయ శిక్షణ, పరీక్ష ఉంటాయి. అయితే అది ఐటీఐ సర్టిఫికెట్‌కు సమానం కాదు, ఐటీఐ అడిగే ఉద్యోగాలకు చెల్లదు. కంపెనీ సర్వీస్ సెంటర్లో చేరడానికి, బ్యాంకులో చూపించడానికి పనికొస్తుంది.

సొంత షెడ్డుకు అప్పు ఎక్కడ దొరుకుతుంది?

పీఎం విశ్వకర్మలో దొరుకుతుందని చాలామంది దరఖాస్తు ఇస్తారు. ఆ పథకంలోని 18 వృత్తుల్లో మోటార్ మెకానిక్ లేడు. దానికోసం తిరిగి కూలి పోగొట్టుకోకండి.

ముద్రా రుణంలో శిశు 50,000 వరకు, కిశోర్ 5 లక్షల వరకు, తరుణ్ 10 లక్షల వరకు. తాకట్టు అడగకూడదు. పానాల సెట్టు, కంప్రెసర్, స్కానర్‌కు కిశోర్ సరిపోతుంది. కొటేషన్లు తీసుకుని వెళ్లండి.

సబ్సిడీ కావాలంటే పీఎంఈజీపీ. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం సేవారంగంలో 20 లక్షల ప్రాజెక్టు వరకు అనుమతిస్తారు, 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీలకు, మహిళలకు పల్లెలో 35 శాతం, పట్టణంలో 25 శాతం సబ్సిడీ. మిగతావారికి 25, 15. పరకాల దగ్గరి ఊళ్లో బీసీ యువకుడు 5 లక్షల షెడ్డు పెడితే తన వాటా 25,000, సబ్సిడీ 1,75,000. ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులో డిపాజిట్‌గా ఉండి, ఆ తర్వాత అప్పులో జమ అవుతుంది. కొత్త యూనిట్లకే ఇస్తారు కాబట్టి, షెడ్డు తెరిచి బోర్డు పెట్టాక దరఖాస్తు చేస్తే తిరస్కరిస్తారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉచితం. మంజూరు చేయిస్తానని కమీషన్ అడిగేవాడికి ఒక్క రూపాయి ఇవ్వొద్దు.